అశ్వారూఢ కాంస్య ప్రతిమలు : అంకవన్నె, గిట్టల ప్రవాదముల విమర్శ

నగరోద్యానములందును రాచబాటల నడుమను నిలిచియున్న అశ్వారూఢ కాంస్య ప్రతిమలను గూర్చి లోకమున రెండు ప్రవాదములు గట్టిగా నాటుకొనియున్నవి. మొదటిది అంకవన్నెకు సంబంధించినది. చెన్నపట్టణమందలి సర్ థామస్ మన్రో ప్రతిమకు శిల్పి అంకవన్నెలు అమర్చుట మరచెననియు, ఆ లోపమును ఎవరో ఎత్తిచూపగా సిగ్గుచే ప్రాణము తీసికొనెననియు చెప్పుదురు. రెండవది గిట్టలకు సంబంధించినది. గుర్రము ఒక ముందుకాలు ఎత్తియున్నచో రౌతు యుద్ధమున గాయపడి పిమ్మట మరణించెననియు, రెండు కాళ్లు ఎత్తియున్నచో రణరంగముననే కూలెననియు, నాలుగు గిట్టలును నేలను ఆనియున్నచో శయ్యపై సహజముగా కన్నుమూసెననియు అందురు. ఈ రెండు మాటలును సామాన్య జ్ఞానపు పుస్తకములలోనికి ఎక్కినవి, తరగతి గదులలో వినబడుచున్నవి. ఒక్క పాఠభేదమును సైతము ప్రతులు తిరుగవేయక అంగీకరింపని పండితలోకము లోహమూర్తి విషయమున మాత్రము విన్నదానిని విన్నట్లు స్వీకరించుట ఉచితము కాదు. ప్రతిమయు ఒక గ్రంథమే. దానిని చదువుటకును వ్యాకరణము కలదు.

మన్రో ప్రతిమతో ఆరంభించుట తెలుగువారికి సహజము. 1761లో గ్లాస్గోలో జన్మించిన మన్రో 1780లో మద్రాసు సైన్యమున చేరెను. నిజాము 1800లో కంపెనీకి వదలిన దత్తమండలములకు, అనగా నేటి రాయలసీమకును బళ్లారి ప్రాంతమునకును, ఆ సంవత్సరము మొదలు 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉండెను. 1820లో మద్రాసు గవర్నరు అయ్యెను. 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచి సోకి మరణించెను. గుత్తిలో ఖననము చేయబడిన అతని శరీరావశేషములు 1831లో చెన్నపట్టణపు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు తరలింపబడినవి. అతడు నెలకొల్పిన రైత్వారీ పద్ధతిలో శిస్తు రైతునకు భారమే అయినది. 1807లో అతడే నూటికి ఇరువదియైదు వంతుల తగ్గింపును సూచించియుండుట ఆ భారమునకు నిదర్శనము. అయినను సీమప్రజల నోట అతని పేరు చల్లగానే నిలిచినది. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చెననియు, గండిక్షేత్రమున ఆకాశమందు బంగారు తోరణము చూచెననియు కథలు పుట్టినవి. తిరుమలలో నైవేద్యపాత్ర యొకటి మన్రో గంగాళమను పేర ప్రసిద్ధము. బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నవారును ఉండిరి. ఇంతగా కథలు అల్లుకొన్న మనుష్యుని ప్రతిమ చుట్టును కథ అల్లుకొనుటలో వింత లేదు.

ప్రతిమ అతని మరణానంతరము ప్రజల చందాలతో చేయింపబడినది. లండను నగరమున సర్ ఫ్రాన్సిస్ ఛాంట్రీ దానిని రూపొందించెను. 1839లో చెన్నపట్టణమున, కూవము నదీశాఖల నడుమ ద్వీపమని పిలువబడు బయలున, కోటనుండి మౌంటురోడ్డునకు పోవు బాటలో ప్రతిష్ఠింపబడినది. ఎత్తైన పీఠముపై గుర్రము నాలుగు కాళ్లును ఊని నిశ్చలముగా నిలిచియుండును. రౌతు తల బోడిగా ఉండును. జీను లేదు. అంకవన్నెలు లేవు. రౌతు పాదములు గుర్రపు డొక్కల ప్రక్కగా వ్రేలాడుచుండును. ఎదురుగా నిలిచి చూచువానికి మొదట కనిపించునది ఈ వ్రేలాడు పాదములే. కనుకనే ప్రవాదము అక్కడ పుట్టినది.

ఇపుడు ఆ ప్రవాదమును కాలక్రమముతో సరిచూడవలెను. ఛాంట్రీ 1781లో షెఫీల్డు సమీపమున జన్మించెను. 1835లో సర్ బిరుదమును పొందెను. ప్రతిమ చెన్నపట్టణమున నిలిచిన రెండేండ్లకు, 1841 నవంబరు 25వ తేదీన, లండనులోని స్వగృహమున ఆకస్మికముగా మరణించెను. అతడు ఆత్మహత్య చేసికొనలేదు. అవమానముతో క్రుంగిన చిహ్నమును లేదు. తన ఆస్తిని కళాఖండముల కొనుగోలునకై రాయల్ అకాడమీకి చెందునట్లు వ్రాసిపెట్టిన మరణశాసనము నేటికిని అతని పేరనే ప్రసిద్ధము. అంతకంటె బలమైన సాక్ష్యము వేరొకటి కలదు. ఛాంట్రీ తన జీవితమున మూడు అశ్వారూఢ ప్రతిమలను రూపొందించెను. ఒకటి మన్రోది, రెండవది లండను ట్రఫాల్గర్ చౌకులోని నాలుగవ జార్జిది, మూడవది రాయల్ ఎక్స్ఛేంజి ముందున్న వెల్లింగ్టన్‌ది. శిల్పి మరణించుటచే ఈ చివరిదానిని అతని సహాయకుడు హెన్రీ వీక్స్ పూర్తిచేయగా 1844లో ఆవిష్కరింపబడినది. ఈ మూడింటను అంకవన్నెలు లేవు. ఒకనికి ఒకమారు మరపు కలుగవచ్చును గాని, మూడు మారులు ఒకే తావున కలుగు మరపు మరపు కాదు, అది నియమము.

ఇంకొక విశేషము. ఇదే కథ ఫ్రాన్సు దేశమందలి లియోన్ నగరమునను ప్రచారములో ఉన్నది. అచ్చటి బెల్‌కూర్ చౌకులో 1825లో నిలిపిన పదునాలుగవ లూయీ అశ్వారూఢ ప్రతిమకును అంకవన్నెలు లేవు. దాని శిల్పి ఫ్రాన్సువా ఫ్రెడెరిక్ లెమో వాటిని మరచి ఆత్మహత్య చేసికొనెనని అచ్చటివారు చెప్పుకొందురు. లెమో 1827లో రోగముచే మరణించినవాడు. రెండు ఖండములలో, వేర్వేరు భాషల నడుమ, ఒకే కథ ఒకే అంగలోపమును పట్టుకొని పుట్టినదన్నచో అది చరిత్ర కాదు, కథాబీజము. మన జానపద విజ్ఞానమున కథాప్రకృతుల సంచారమును పరిశీలించువారికి ఇది చక్కని ఉదాహరణము. మహాశిల్పి ఒక చిన్న లోపమువలన చెడుట, దానిని సామాన్యుడు ఎత్తిచూపుట అను బీజము మన జక్కనాచారి కథలోను కలదు. కప్ప యున్న రాతిని అక్కడ కుమారుడు డంకణాచారి ఎత్తిచూపెను; ఇక్కడ అంకవన్నె లేని పాదమును బాటసారి ఎత్తిచూపెను.

మరి శిల్పి అంకవన్నెలను ఏల విడిచెను? సమాధానము రోమునగరమున కలదు. చక్రవర్తి మార్కస్ ఆరీలియస్ అశ్వారూఢ కాంస్యప్రతిమ క్రీస్తుశకము 175 ప్రాంతమున చేయబడినది. దాని ఎత్తు 4.24 మీటర్లు. ఆ కాలపు రోమకులకు అంకవన్నె తెలియదు. అన్యమత విగ్రహములను కరగించిన మధ్యయుగమున, క్రైస్తవ చక్రవర్తి కాన్‌స్టంటైన్ రూపమని పొరబడుటచే మాత్రమే ఈ ప్రతిమ బ్రదికినది. 1538లో కాపిటోలిన్ కొండపైకి తరలగా మైఖలాంజెలో దానికి పీఠమును అమర్చెను. నాటినుండి ఐరోపా శిల్పులకు అశ్వారూఢ ప్రతిమ అనగా ఇదియే మూలపాఠము. ప్రాచీన గౌరవమును ఆపాదింపదలచిన శిల్పి తన కాలపు జీనును, అంకవన్నెను తొలగించి రౌతును రోమక చక్రవర్తి వలె కూర్చుండబెట్టెను. మన కవులు సమకాలిక రాజును వర్ణించునపుడు అతని నిత్యజీవిత పరికరములను విడిచి పురాణపురుషుని ఆయుధములను ఇచ్చుట వంటిది ఇది. కవిసమయమని దానిని అంగీకరించువారు శిల్పసమయమును మరపుగా భావించుట విషమన్యాయము.

అంకవన్నె చరిత్రను భారతీయ దృష్టితో చూచినపుడు ఈ విషయము మరింత రసవంతమగును. భాజా, సాంచి, మథుర శిల్పములలో క్రీస్తుపూర్వపు చివరి రెండు శతాబ్దుల ప్రాంతమున రౌతు కాలి బొటనవ్రేలిని గాని పాదమును గాని ఇరికించుకొను పట్టెవంటి సాధనము కనిపించుచున్నదని పండితులు గుర్తించిరి. పాదము మొత్తమును మోయు గట్టి అంకవన్నె చీనాదేశమున క్రీస్తుశకము నాలుగవ శతాబ్ది ఆరంభపు సమాధులలో లభించినది. ఐరోపాకు అది ఏడవ శతాబ్ది ప్రాంతమున ఆవారుల మూలమున చేరినది. అనగా రోమక చక్రవర్తికి లేని సాధనపు తొలిరూపము అతనికి మున్నే సాంచి తోరణముపై ఉన్నది. ఆ సాధనము ఎరుగని దేశపు రౌతును ఆదర్శముగా గొని, దాని పుట్టుకకు తావైన దేశములోనికి అది లేని రౌతును పంపుటలోని చమత్కారమును ఛాంట్రీ ఎరిగియుండడు.

భాషాసాక్ష్యమును చూడవలెను. అమరకోశము క్షత్రియవర్గమున గుర్రపు పేర్లను, జాతులను, గతులను, కళ్లెమునకు కవిక, ఖలీనము అను పదములను చెప్పినది. అంకవన్నెకు ప్రత్యేక పదమును చెప్పలేదు. ఖలీనమునుండి తెలుగున కళ్లెమును, పర్యాణమునుండి ప్రాకృతము ద్వారా పల్లమును, వల్గనుండి వాగెను, రాజపుత్ర శబ్దమునుండి రౌతును వచ్చినట్లు చెప్పుదురు. ఇవన్నియు సంస్కృత ప్రాకృతముల దారిని వచ్చినవి. జీను, రికాబు అనునవి పారసీ, అరబ్బీ భాషలనుండి తురక రౌతులతోను, సముద్రము దాటివచ్చిన గుర్రపు వర్తకులతోను దిగినవి. ఈ రెండు ప్రవాహముల నడుమ అంకవన్నె అను తెలుగు మాట నిఘంటువులలో నిలిచియున్నది. నేడు దానిని పలుకువారు అరుదు. రికాబు అన్నను తెలియనివారు ఎక్కువ. ప్రతిమకు అంకవన్నె లేదని వేళాకోళము చేయుచు మాటనే పోగొట్టుకొనుట మన స్థితి.

గిట్టల ప్రవాదము దీనికంటె మొండిది. మన్రో విషూచిచే మరణించెను. అతని గుర్రము నాలుగు కాళ్లు ఊనియున్నది. కనుక నియమము సరిపోయినది. ఇట్టి యాదృచ్ఛిక సంవాదమే ప్రవాదమునకు ప్రాణము. కాని పైన చెప్పిన వెల్లింగ్టన్ ప్రతిమను చూడవలెను. 1844లో అది ఆవిష్కరింపబడునాటికి వెల్లింగ్టన్ జీవించియున్నాడు. అతడు మరణించినది 1852లో. రౌతు ఎట్లు మరణించునో ఎనిమిదేండ్లకు ముందుగా గుర్రపు గిట్టకు ఎట్లు తెలియును? ముంబాయిలో 1879లో నిలిపిన ఏడవ ఎడ్వర్డు ప్రతిమ అతడు యువరాజుగా ఉన్ననాటిది. అతడు 1910 వరకు జీవించెను. మాడ్రిడ్ నగరమున ఓరియెంతె ఉద్యానములోని నాలుగవ ఫిలిప్ ప్రతిమ 1640 నాటిది. ముందుకాళ్లు రెండును ఎత్తి లేచిన గుర్రముపై కూర్చున్న ఆ రాజు 1665లో రోగముచే మరణించెను. జీవించియున్నవారి ప్రతిమలు ఇన్ని ఉండగా గిట్టను మృత్యుసూచకముగా చేయుట ఉపపన్నము కాదు.

మరణానంతర ప్రతిమలలోను నియమము నిలువదు. సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరమున ఫాల్కనే శిల్పి చేసిన పీటరు చక్రవర్తి ప్రతిమ 1782లో ఆవిష్కృతము. గుర్రము రెండు ముందుకాళ్లు గాలిలో ఉంచియుండును. పీటరు 1725లో వ్యాధిచే పోయినవాడు. వాషింగ్టన్ నగరమున లాఫాయెట్ ఉద్యానము నడుమ 1853లో క్లార్క్ మిల్స్ నిలిపిన ఆండ్రూ జాక్సన్ గుర్రమును రెండు వెనుకకాళ్లపై లేచియుండును; జాక్సన్ 1845లో స్వగృహమున మరణించెను. రోమున మార్కస్ ఆరీలియస్ గుర్రము ఒక ముందుకాలు ఎత్తియుండును. అతడు రోగముచే మరణించినట్లే చరిత్రకారులు వ్రాసిరి.

అట్లైన గిట్ట దేనిని చెప్పుచున్నది? ఈ ప్రశ్నకు మన శాస్త్రములోనే మార్గము కలదు. అమరసింహుడు అశ్వగతులను ఐదుగా చెప్పి వాటికి ధార అని సామాన్యనామమును ఇచ్చెను. ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అనునవి ఆ ఐదు. తంజావూరు సరస్వతీమహలు గ్రంథాలయము 1952లో ప్రకటించిన నకులుని అశ్వశాస్త్రమును, తెలుగున మనుమంచి భట్టు రచించిన హయలక్షణ గ్రంథమును, కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుని మానసోల్లాసమందలి వాజివాహ్యాళి ప్రకరణమును చూచినవారికి గుర్రపు కాలు గతికి, శిక్షకు, రౌతు నైపుణ్యమునకు సూచకమని తెలియును. ఎత్తిన కాలు నడకను చెప్పును. లేచిన రెండు కాళ్లు రౌతు వాగెపై గల అధికారమును చెప్పును. ఊనిన నాలుగు కాళ్లు నిలుకడను చెప్పును. శిల్పి వీనిలో దేనిని ఎన్నుకొనునన్నది రౌతునందు అతడు ఏ గుణమును చూపదలచెనన్నదానిపై ఆధారపడును. యుద్ధవీరునకు ఒకటి, పాలకునకు ఒకటి. మన్రో సైనికుడుగా వచ్చినను పాలకుడుగానే చెన్నపట్టణపు స్మృతిలో నిలిచెను. అతని గుర్రము కదలదు. ఈ వ్యాఖ్య ప్రవాదమువలె సూత్రప్రాయముగా ఉండదు గాని ప్రతిమకు సన్నిహితమైనది. మరియొకటి: మన హయలక్షణజ్ఞుడు ఈ కంచు గుర్రములను చూచినచో నుదుట, ఎదపై సుడులు ఎచ్చట అని మొదట వెదకును. ఐరోపా శిల్పి కండరములను చెక్కుటలో చూపిన శ్రద్ధ సుడులయందు చూపలేదు. శుభాశుభ లక్షణము అతనికి ప్రమేయము కాదు.

గతిని నిర్ణయించు రెండవ కారణము లోహపు బరువు. నిలిచియున్న వస్తువు పడకుండుటకు దాని గురుత్వకేంద్రమునుండి దింపిన లంబరేఖ ఆధారక్షేత్రములో పడవలెను. నాలుగు గిట్టలు ఊనినచో ఆ క్షేత్రము విశాలమైన చతురస్రము. మూడు ఊనినచో త్రిభుజము. రెండే ఊనినచో ఇరుకైన పట్టె. కనుకనే లేచిన గుర్రమును కంచున నిలుపుట శతాబ్దుల తరబడి శిల్పులను వేధించిన సమస్య. మాడ్రిడ్ ప్రతిమను చేసిన పియెత్రో టక్కా వెనుకభాగమును బరువుగాను ముందుభాగమును పలుచగాను పోతపోసి, తోకను కూడ ఊతగా నేలకు ఆనించెను. ఈ లెక్కలయందు గెలీలియో సలహా ఇచ్చెనని ఒక ప్రసిద్ధి కలదు. ఫాల్కనే ప్రతిమలో గుర్రపు కాళ్ల క్రింద నలుగు పాము నిలుపబడి దానికి తోక తగిలింపబడినది. ఆ పామును చూచి ద్రోహమును గూర్చిన ప్రతీకయని వ్యాఖ్యానించువారు అది మూడవ ఊతయని మరచుచుందురు. అది ప్రతీకయును అగును, ఊతయును అగును. క్లార్క్ మిల్స్ తోకను గాని పామును గాని ఆశ్రయింపక, వెనుకభాగపు బరువుతోనే గుర్రమును రెండు కాళ్లపై తూచి నిలిపెను.

దక్షిణదేశపు శిల్పులు ఈ సమస్యను రాతిలో అంతకు మున్నే ఎదుర్కొనిరి. శ్రీరంగమున శేషరాయమండపపు స్తంభములలో ముందుకాళ్లు ఎత్తి లేచిన గుర్రములు రౌతులతో కూడ మలచబడినవి. రాయి లోహమువలె తన్యత గలది కాదు. లేచిన కాలు తన బరువునకే విరుగవచ్చును. కావున శిల్పులు గుర్రమును స్తంభముతో ఏకశిలగా ఉంచి, ఎత్తిన కాళ్ల క్రింద కాల్బంట్లను, వ్యాఘ్రములను నిలిపిరి. యుద్ధదృశ్యమనియు శోభయనియు వానిని చూచి మురియుదుము. అవి బరువును మోయుచున్నవి. ఫాల్కనే పామును, శ్రీరంగపు కాల్బంటును ఒకే ప్రశ్నకు రెండు సమాధానములు.

ఈ సందర్భమున మన దేశమున ఇంతటి లోహశిల్పవిద్య ఉండియు అశ్వారూఢ రాజప్రతిమ కంచున ఏల రాలేదను శంక కలుగును. పోతవిద్య లేక కాదు. మానసోల్లాసము మధూచ్ఛిష్ట విధానమును స్పష్టముగా చెప్పినది. మైనముతో రూపము చేసి, దానిపై మెత్తని మట్టిని పూతపూతలుగా పట్టించి, ఎండిన పిదప కాచి మైనమును కరగించి, ఆ ఖాళీలోనికి లోహద్రవమును పోయుట దాని స్వరూపము. మైనపు తూకమునుబట్టి లోహపు తూకమును లెక్కించు పద్ధతియు అందు కలదు. ఘనమనియు సుషిరమనియు రెండు విధములు. చిన్న ఉత్సవమూర్తులు ఘనములుగా పోయబడును. ఐరోపా అశ్వప్రతిమలు సుషిరములు. పూర్తి పరిమాణపు నమూనాను ముక్కలుగా విభజించి పోతపోసి, లోపల ఇనుపకట్టుతో బిగించి, అతుకులను ఆకురాయితో నునుపు చేయుదురు. ఛాంట్రీ లండనులో తన సొంత పోతశాలను నెలకొల్పుకొనెను. వారి ప్రతిమలోహమున రాగి నూటికి తొంబది వంతుల ప్రాంతమును, తగరము మిగిలినదియు ఉండును. మనము కంచు అను పేర వాడు పాత్రలోహమున తగరము ఐదవ వంతునకు మించును; అది మ్రోగును, పెళుసుగా ఉండును. కనుక కాంస్యప్రతిమ అనుటలోని కాంస్యము, కంచుగిన్నె అనుటలోని కంచు ఒకే పాళ్లు గలవి కావని విద్యార్థులకు చెప్పుట మేలు.

విద్య ఉండియు ప్రతిమ రాకపోవుటకు కారణము భావనలోని భేదము. తిరుమల ఆలయమున శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవీ చిన్నాదేవులతో కూడ లోహప్రతిమగా నిలిచియున్నాడు. అంజలి ఘటించి నిలిచియున్నాడు. గుర్రపు సాహిణులను, రౌతులను లెక్కకు మిక్కిలిగా పోషించి, గుర్రములకై సముద్రతీరపు వర్తకులతో ఒప్పందములు చేసికొన్న రాజు తన శాశ్వతరూపమునకు గుర్రమును కోరలేదు. ఆలయమున వాహనమెక్కువాడు దేవుడు. బ్రహ్మోత్సవమున ఎనిమిదవనాటి రాత్రి అశ్వవాహనముపై ఊరేగువాడు స్వామి. రాజు అతని ఎదుట పాదచారి. ఐరోపాలో ఉద్యానము, చౌకు అనునవి పాలకుని కీర్తిస్థలములు; మన సంప్రదాయమున కీర్తిస్థలము ఆలయము. మారినది శిల్పియో లోహమో కాదు, ప్రతిమ నిలిచిన తావు. ఆ తావు ఇరువదవ శతాబ్దిలో ఇక్కడను మారినది. వి.పి. కర్మార్కర్ రూపొందించిన శివాజీ అశ్వారూఢ కాంస్యప్రతిమ 1928లో పుణెలో ఆవిష్కృతమైనది. భారతీయుడు భారతీయుని గూర్చి చేసిన ఆ ప్రతిమతో గుర్రము మన కీర్తిభాషలోనికి చేరినది. పిమ్మట వచ్చిన వానికి లెక్కలేదు.

తావును గూర్చిన ఈ విచారము నేటికిని సజీవము. స్వాతంత్ర్యోద్యమకాలమునను, తరువాతను, ఆంగ్లపాలకుల ప్రతిమలు బాటలనుండి కదిలినవి. చెన్నపట్టణపు మౌంటురోడ్డుపై ఉండిన నీల్ ప్రతిమ 1857 తిరుగుబాటును క్రూరముగా అణచినవానిది. 1927లో దానికి ఎదురుగా సత్యాగ్రహము నడిచినది. 1937లో కాంగ్రెసు ప్రభుత్వము దానిని తొలగించి వస్తుప్రదర్శనశాలకు పంపినది. కలకత్తాలో ఫోలీ శిల్పి చేసిన ఔట్రమ్ అశ్వారూఢ ప్రతిమ మైదానపు బాటనుండి విక్టోరియా స్మారకపు తోటలోనికి చేరినది. బెంగుళూరున మారోచెట్టి చేసిన మార్క్ కబ్బన్ అశ్వారూఢ ప్రతిమ 1866లో నిలుపబడినది. అతని పేర ప్రసిద్ధమైన ఉద్యానము ఏర్పడినది 1870లో. చిరకాలము ఉన్నత న్యాయస్థానము ముందుండిన ఆ ప్రతిమ 2020లో ఆ ఉద్యానము లోపలికి తరలింపబడినది. ఉద్యానము ఇట్లు పదవి ముగిసిన ప్రతిమలకు వానప్రస్థాశ్రమమైనది. అచ్చట చెట్లనీడ ఉండును, పీఠము పొట్టియగును, చూపరి దగ్గరగా పోగలుగును. చిలుము పట్టిన లోహపు పొరను, అతుకుల జాడను దగ్గరనుండి పరిశీలించుటకు ఇదియే అదను. కాని బాటయొక్క దిశ, చుట్టుపట్ల భవనములతో దానికి గల సంబంధము, ప్రతిష్ఠించినవారి ఉద్దేశము ఆ తరలింపుతోనే చెరగిపోవును. ప్రతిమను తరలించునపుడు పూర్వస్థలమును, దిశను, కాలమును పలకపై చెక్కింపనిచో తరువాతివారికి మిగులునది అంకవన్నె కథ, గిట్టల కథ మాత్రమే. మన్రో ఇంకను ద్వీపపు బాటనే ఉన్నాడు. అతనిని ఉంచవలెనా తరలింపవలెనా అను చర్చ ఎవరు చేసినను శిస్తు లెక్కలతోను శాసనపత్రములతోను చేయవలెను గాని మరచిన అంకవన్నెలతో కాదు.

ముంబాయి కథ వీటన్నింటను విలక్షణము. పైన పేర్కొన్న ఎడ్వర్డు ప్రతిమ యువరాజు 1875-76లో చేసిన భారతయాత్రకు స్మారకముగా ఆల్బర్ట్ ససూన్ సమర్పించినది; శిల్పి జోసెఫ్ ఎడ్గార్ బోమ్. నగరప్రజలు రౌతు పేరును పట్టించుకొనలేదు. నల్లబడిన లోహమును చూచి ఆ ప్రాంతమునే కాలాఘోడా అని పిలిచిరి. 1965లో ప్రతిమ అచ్చటినుండి తొలగి బైకుల్లాలోని జీజామాతా ఉద్యానమునకు పోయినది. ప్రాంతపు పేరు మాత్రము పోలేదు. యాబదియేండ్లకు పైగా గుర్రము లేని గుర్రపు చౌకుగా అది నిలిచినది. తుదకు 2017లో అదే ప్రాంతమున ఒక నల్లని గుర్రమును క్రొత్తగా నిలిపిరి. దానిపై రౌతు లేడు. ఆ గుర్రపు గిట్టలు ఎవరి మరణమును సూచించుచున్నవో ప్రవాదకర్తలే చెప్పవలసియున్నది.